వారాంతం ఎట్ల గడిచింది, సెన్యోర్?

"వైకుంఠం, నువ్వు ఈ పొద్దు పది గంటల దాకా బతికుంటే చాలు. ఆ తర్వాత నీ ఇష్టం."

చీఫ్ పురుషోత్తం మాటల్లో నవ్వు లేదు. 1941 ఆగస్టు, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నర. అఫ్జల్‌గంజ్‌లో ఒక గడియారాల దుకాణం వెనక గది. గోడ మీది ఇరవై గడియారాలూ ఒక్క గొంతుతో టిక్ టిక్ మంటున్నాయి. వైకుంఠం గుండె మాత్రం వాటికంటే ముందు నడుస్తోంది.

అతను సీక్రెట్ సర్వీసులో ట్రాన్స్‌లేటర్. వాళ్ల వంశంలో మొదటి బి.ఏ. పరాయి ఉత్తరాలు తిప్పి రాయడానికి గ్రామఫోన్ రికార్డులు పెట్టుకుని స్పానిష్ నేర్చుకున్నాడు. పిస్తోలు ఎప్పుడూ ముట్టుకోలేదు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు చీఫ్. "మనీలా నుంచి ఒక కొరియర్ ఓడ దిగిండు. శనివారం పొద్దున బొంబాయిలో పట్టుకున్నరు. ఈ శహర్‌ల ఎక్కడనో వాని ముఠావాళ్లు టైంబాంబు పెట్టిన్రు. సరిగ్గ పదింటికి పేలుతది. జాగ ఎక్కడనో వానికి తెల్వదు. తొమ్మిదింటికి వచ్చి కలిస్తే ముఠావాళ్లే చెప్తరు, వాడు పైవాళ్లకు వైర్‌లెస్ కొట్టాలె. వాని జాగల నువ్వు పోతవు. వాని మొఖం వీళ్లెవరూ చూడలే, రంగు సరిపోయింది. ఈ మీసం అంటించుకో."

"కోడ్ వర్డ్ ఏంది సార్?"

"స్పానిష్‌ల వీకెండ్ ముచ్చట. శనివారం సముద్రం చూసినవు. ఆదివారం చర్చికి పోయి, మాపటిదాకా పండుకున్నవు. వాన రాలే, గొడుగు మాత్రం తెచ్చుకున్నవు. ఒక్క ముక్క తప్పినా ఖతం."

చీఫ్ ఒక ఫౌంటెన్ పెన్ను చేతిలో పెట్టాడు. "క్యాప్ తీసి వెనక నొక్కితే కారప్పొడి చిమ్ముతది."

"లండన్ సరుకా సార్?"

"పెన్ను లండన్‌ది. కారం మీ అమ్మది. ఆఫీసుల దావత్ ఉందని అడిగి తెప్పించిన."

వైకుంఠానికి తల్లి కాశమ్మ గుర్తొచ్చింది. మాదన్నపేటలో తూటాల కార్ఖానాలో, ప్యాకింగ్ షెడ్డులో కూలి చేసి అతన్ని చదివించింది. పొద్దున్నే గిన్నె చంకన పెట్టుకుని పనికి పోతూ, "పైలం బిడ్డా, వానల తడవకు," అంది. ఇప్పుడు ముంచుకొచ్చేది వాన కాదని ఆమెకేం తెలుసు?

*

మూసీ ఒడ్డున పాత దేవిడీ బంగళా. మేడ మీద డ్యాన్స్ స్కూలు బోర్డు. తలుపు తీసిన మనిషిని చూసి వైకుంఠం ఊపిరి మరిచాడు. మేడం ఎల్విరా. తెల్లతోలు, నల్ల జార్జెట్ చీర, వేళ్ల మధ్య వెండి హోల్డర్‌లో సిగరెట్. ఆమె వెనక సోఫాలో బట్టతల బెర్నార్దో, ముఠా నాయకుడు.

"వారాంతం ఎలా గడిచింది, సెన్యోర్?" స్పానిష్‌లో అడిగింది ఆమె.

రికార్డు మీద సూది పెట్టినట్టు మొదలుపెట్టాడు వైకుంఠం. సముద్రం, చర్చి, నిద్ర, రాని వాన, తెచ్చుకున్న గొడుగు. ఒక్క ముక్క తప్పలేదు. చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోయింది.

బెర్నార్దో నవ్వి కాఫీ పోశాడు. "భేష్. అది బట్టీ పట్టిన పాఠం. ఇంతకీ నిజంగా ఏం చేశావు? అంత పాలిపోయావేం, సెలవులో నిద్ర లేదా?"

గండం గడిచిందనుకున్నాడు వైకుంఠం. ప్రాణం కుదుటపడ్డ మనిషికి నోరు వదులవుతుంది. "ఎక్కడి నిద్ర! గురువారం ఒక పూట పని, శుక్రవారం ఒక్కరోజే కదా సెలవు..." అని ఆపేశాడు.

బెర్నార్దో చేతిలో కాఫీ కప్పు గాలిలోనే నిలిచిపోయింది.

లోకమంతా ఆదివారం తలుపులు మూస్తే, నిజాం ఇలాకాలో ఆఫీసులకీ బడులకీ శుక్రవారం సెలవు. పలక పట్టిన నాటి నుంచి వైకుంఠానికి వారం అక్కడే ముగుస్తుంది. భాష మారింది కానీ వారం మారలేదు.

"శనివారం ఓడ దిగినవాడికి," అన్నాడు బెర్నార్దో మెల్లగా, "ఈ ఊరి శుక్రవారం ఎక్కడిది?" పిస్తోలు బయటికి వచ్చింది.

"ఇప్పుడు కాదు," అంది ఎల్విరా పొగ వదులుతూ. "రోడ్డుకి వినిపిస్తుంది. పదింటికి పెద్ద చప్పుడు ఉందిగా. అందులో ఇదీ కలిసిపోతుంది."

బెర్నార్దో తలూపాడు. గోడ గడియారం తొమ్మిది ఇరవై. వైకుంఠం తలుపు వంక ఓరగా చూశాడు.

"పాపం, భయపడుతున్నాడు," ఎల్విరా అతని చుట్టూ తిరిగింది. "నా వారాంతం కూడా విను, సెన్యోర్. నాకూ శుక్రవారమే. మేమిద్దరం మాదన్నపేట పోయాం. తూటాల కార్ఖానాకి సెలవు. పుణ్యానికి ఒక కొత్త కుండ ఇచ్చాం. వాచ్‌మన్ దండం పెట్టి, ప్యాకింగ్ షెడ్డులో మంచినీళ్ల కుండల పక్కన పెట్టించాడు. మూతకి మైనం, సోమవారం దాకా తెరవొద్దని చెప్పాం. లోపల అది అంకెలు లెక్కపెడుతోంది."

బెర్నార్దో పడీ పడీ నవ్వాడు.

ప్యాకింగ్ షెడ్డు. అమ్మ.

భయం పోలేదు, దిశ మార్చుకుంది. ఎల్విరా సిగరెట్ బూడిద రాల్చడానికి బెర్నార్దో పక్కన వంగింది. అతని చూపు ఒక్క క్షణం అటు మళ్లింది. వైకుంఠం పెన్ను క్యాప్ లాగి నొక్కాడు. కాశమ్మ దంచిన కారం బెర్నార్దో రెండు కళ్లలో పడింది. పిస్తోలు పైకప్పులోకి పేలింది. ఎల్విరా చెప్పు మడమ బెర్నార్దో మణికట్టు మీద దిగింది.

"ఉరుకు, వైకుంఠం!" అంది తెలుగులో. "వీన్ని నేను చూస్కుంట!"

ఆశ్చర్యపోవడానికి టైం లేదు. మెట్లు నాలుగేసి దూకాడు. కింద చీఫ్ పెట్టిన మనిషి, టాంగా రాజన్న.

"రాజన్నా, మాదన్నపేట! గుర్రం చచ్చినా సరే!"

"గుర్రం చస్తే నువ్వు గుంజుతవా, సార్?" అంటూనే కొరడా ఝళిపించాడు రాజన్న.

తొమ్మిది యాభై ఆరుకి గేటు. వాచ్‌మన్ చెయ్యి కింద నుంచి దూరి పరుగెత్తాడు. షెడ్డులో నూటయాభై మంది ఆడవాళ్లు, తుపాకిమందు వాసన, చేతుల్లో తూటాలు. మూలన వరసగా ఆరు కుండలు. చివరిది కొత్తది. చెవి ఆనిస్తే లోపల టిక్ టిక్.

కుండని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. పసిపిల్లంత బరువు. భుజంతో దారి చేసుకుంటూ పెరటి తలుపు వైపు ఉరికాడు.

"ఓరి వైకుంఠం! ఆ మీసమేందిరా? ఆ కుండ ఏడికి?" కాశమ్మ లేచి వెంటపడింది.

"ఆడనే ఆగు అమ్మా!"

పెరట్లో బావి. ముప్ఫై అడుగులు పరుగెత్తాడు. చేతులు చాచి వదిలాడు, గచ్చు మీద బోర్లా పడ్డాడు. నేల ఒక్కసారి ఎగిరింది. బావి తాటిచెట్టంత నీళ్లు కక్కి మళ్లీ మింగింది.

తలుపు దగ్గర నిలువునా తడిసిన కాశమ్మ, సగం ఊడిన మీసంతో లేచి కూర్చున్న కొడుకుని చూసింది.

"వానల తడవకు అంటే," అంది కొంగు పిండుకుంటూ, "నన్నే తడిపితివి కదరా."

*

సాయంత్రం గడియారాల దుకాణంలో చీఫ్ టీ తెప్పించాడు. బెర్నార్దో లాకప్‌లో కళ్లు కడుక్కుంటున్నాడు.

"ఎల్విరా రెండేండ్ల సంది మన మనిషే, నీ పేరు, మొఖం ఆమెకు ఎరుకే," అన్నాడు చీఫ్. "శుక్రవారం నుంచి వాడు ఆమెను గడప దాటనియ్యలే. ఖబర్ రాలే."

"నాకు చెప్పొద్దా సార్?"

"చెప్తే నీ మొఖం ఊర్కుంటదా? సరే, మస్తు భయపడ్డవు. ఈ శని, ఆదివారాలు సెలవు తీస్కో."

వైకుంఠం టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"శుక్రవారమే ఇయ్యుండ్రి సార్. శని, ఆదివారాలు ఏం జేసిన్నో మల్ల అప్పజెప్పుడు నాతోని కాదు."