జోడుబింబంలో నూకరత్నం

ఆ కాలానికి ఎముక విరిగినవాళ్లు డాక్టరుని "ఏం చేద్దాం?" అని అడగడం మానేశారు. నేరుగా జోడుబింబం ముందు కూర్చునేవారు. ఎక్స్-రే, రక్తం, నిద్ర, నడక, ఆఖరికి మనిషి తొందరా కోపమూ కూడా తనలో నింపుకుని, ఆ యంత్రం అచ్చం మనలాంటి బింబాన్ని తయారుచేసేది. మనం పోని దారిన దాన్ని నడిపించి చూపించేది.

నూకరత్నం కబడ్డీ పిల్ల. కూతకెళ్లి పడి ఎడమ కాలర్ బోన్ విరగ్గొట్టుకుంది. ఏడాది దాటాక రాష్ట్ర జట్టుకి ఎంపికలు. ఆ చోటు కోసమే ఆమె బతుకంతా.

"ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తే చెయ్యి తొందరగా లేస్తుంది. కాకపోతే కోత, మరలు, వాటి సలుపు," అంది డాక్టర్ షమీమ్. "కోత లేకుండా చెయ్యి మెడకి వేలాడేలా జోలెకట్టు కడితే ఆలస్యం. ఒక్కోసారి ఎముక అతక్కపోవచ్చు కూడా. నీ మటుకు ఏడాది తిరిగేసరికి రెండూ ఒకటే అంటోంది యంత్రం."

"కత్తి వద్దు మేడం. కట్టేయండి."

కట్టయితే కట్టించుకుంది గానీ మనసు కుదురుగా లేదు. వారం వారం వచ్చి, ప్లేటు వేయించుకున్న బింబాన్ని చూసేది. మూడోవారానికే అది తన జడ తనే వేసుకుంటోంది. ఇక్కడ నూకరత్నానికి వాళ్లమ్మ వేస్తోంది.

"ఎలా మిడిసిపడుతోందో చూడండి. దాని మొహం మండా."

"ఆ మొహం నీదేనే," నవ్వింది షమీమ్.

నూకరత్నం ఇంటికెళ్లి గడియ పెట్టుకుని, కట్టు సడలించి, గోడమీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకి లేపేది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మినా ఆగేది కాదు. ఎంత పాకినా బింబమే ముందుండేది. చివరికి చూడలేక, రావడమే మానేసింది.

నెలలు గడిచాక తీసిన ఎక్స్-రేలో రెండు ముక్కలూ ఎడంగానే ఉన్నాయి. భుజం వాలిపోయింది.

"రెండూ ఒకటే అన్నావు కదే," యంత్రంమీద విరుచుకుపడింది నూకరత్నం.

"ఆ లెక్క వేసేనాటికి మీరింకా బింబాన్ని చూడలేదు," అంది యంత్రం తాపీగా. "చూశాక దారి మారింది."

"మారింది నా దారే. దానికేం, హాయిగా ఆడుకుంటోంది."

యంత్రం తెర వెలిగించింది. బింబం మంచంమీద ఉంది. ప్లేటు వంగి, మరలు ఊడి, భుజానికి మళ్లీ కట్టు.

షమీమ్ ముందుకు వంగింది. "దీనికేమైంది?"

"దాని లోకంలోనూ నాలాంటి యంత్రం ఉంది. అందులో అది జోలెకట్టు పిల్లని చూసేది. గాటైనా లేని ఆ భుజాన్ని చూసి ఓర్చుకోలేకపోయింది. ఆ పిల్ల కోలుకుని తన చోటు లాక్కుంటుందని, ఎముక గట్టిపడకముందే కూతకి దిగింది."

షమీమ్ నూకరత్నం ఎక్స్-రేని మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"తుంటి నుంచి కాస్త ఎముక తీసి, ప్లేటు వేసి అతికిద్దాం," అంది షమీమ్ మెల్లగా. "ఎంపికలకి ఇంకా టైముంది. ఈసారి ఎవర్నీ చూడకు, తల్లీ."

నూకరత్నం సరేనని తలూపింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఇప్పుడది ఏం చేస్తోంది?"

"మిమ్మల్నే చూస్తోంది," అంది యంత్రం.

నూకరత్నం పళ్లు బిగబట్టి, వాలిన భుజాన్ని పైకెత్తి, నిటారుగా నిలబడింది.