గాలి తగలని సున్నం

కింద పదకొండో మెట్టు కిర్రుమంది!

ఆమె ఆగిపోతుంది.

కింద చప్పుడూ ఆగిపోతుంది.

చీకట్లో ఊపిరి బిగబట్టి గోడకు అతుక్కుంటుంది. నూట ఎనభై ఏళ్ల గోడ. ఈ భవనంలో ఏ గోడ ఎక్కడ ఉబ్బిందో, ఏ మెట్టు ఎలా మూలుగుతుందో ఆమెకు తెలుసు. మూడేళ్లుగా అన్నతో కలిసి ఇక్కడ సున్నం పని చేస్తోంది. పాత గోడకు పాత సున్నమే పెట్టి, మళ్లీ పాతగానే నిలబెట్టే పని.

పన్నెండో మెట్టు.

టార్చి వెలుగు కప్పు మీద ఒకసారి పాకి ఆరిపోతుంది.

వచ్చేవాడు "ఎవరది?" అని అడగడం లేదు. అరవడం లేదు. తాళాలేసిన భవనంలోకి రాత్రి ఏడున్నరకు దొంగలా వస్తున్నాడు.

ఈ పని చేయిస్తున్న కాంట్రాక్టర్... ఇంకెవరు?

ఆమె చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంటుంది. తనూ దొంగలాగే వచ్చింది. వెనక పరంజా ఎక్కి, అద్దం లేని కిటికీలోంచి. అన్నను వెతకడానికి.

అన్న కనబడక ఇది మూడో రాత్రి.

అన్న మాయమైన మర్నాడే బయటపడింది. పెద్ద హాలు పైకప్పులో ఉండాల్సిన పన్నెండు గంధపు చెక్క పలకలు లేవు. వాటి చోట, వాటిలాగే పోతపోసి రంగేసిన సున్నపు అచ్చులున్నాయి. నమూనా కోసమని కాంట్రాక్టర్ అడిగితే ఆ అచ్చులు తీసిచ్చింది అన్నే.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు.

"అచ్చులు మీ అన్న చేతివి. పారిపోయింది మీ అన్న. ఇంక నన్నేం వెతకమంటావమ్మా?"

"కాంట్రాక్టర్ ఫోను కూడా పలకడం లేదు సార్."

"ఆయన ఊళ్లో లేడు. పెద్దవాళ్లకి సవాలక్ష పనులుంటాయి."

ఆమెకు మాత్రం ఒకటే గుర్తొస్తోంది. మొన్న పొద్దున్న. అన్నం డబ్బా మూత సరిగా పెట్టలేదని అన్న విసుక్కున్నాడు. ఆమె మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. రోజూ "వెళ్లొస్తానే" అనేవాడు ఆ రోజు "వెళ్తున్నా" అన్నాడు. ఆమె పలకలేదు.

పలికుంటే?

పద్నాలుగో మెట్టు!

ఆమె వంగి పరుగెడుతుంది. వరండా... ఇసుక గుట్ట... చివరి గది. అన్న ఆఖరిగా పని చేసిన గది. లోపలికి దూరి, గోడకు వేలాడుతున్న ప్లాస్టిక్ పట్టా వెనక్కి జరిగి నిలబడుతుంది.

టప్... టప్...

ఏదో కారుతోంది.

వీపు తడిసింది. చెయ్యి వెనక్కి పెట్టి తడుముతుంది. గోనె సంచులు. నీళ్లోడుతున్న గోనె సంచులు. వాటి మీద ప్లాస్టిక్. పట్టా అంచులన్నీ గాలి చొరకుండా మేకులు కొట్టి ఉన్నాయి, ఆమె దూరిన ఈ మూల తప్ప.

ఆమె పట్టాను మళ్లీ తడిమి చూస్తుంది.

సున్నం మీద ప్లాస్టిక్!

సిమెంటు వాళ్లు కప్పుతారు. సున్నం వాళ్లు కప్పరు. సున్నం గాలి పీల్చి గట్టిపడుతుంది. ప్లాస్టిక్ కింద నానబెడితే నెలైనా పెరుగులాగే ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆమె అలా కప్పితే అన్న వారం రోజులు వేళాకోళం చేశాడు. "ముక్కు మూసి పడుకోబెట్టావేమే దాన్ని?" అని.

అలాంటి అన్న గదిలో... ఇది ఎవరు కప్పారు?

బొటనవేలితో గోడను నొక్కుతుంది. వేలు కణుపు దాకా దిగిపోయింది.

ఇంకా ఏదో తేడా. పోయిన వారం ఇక్కడ గోడ ఇలా లేదు. గోడలో ఒక అర ఉండేది. పాతకాలం వాళ్లు కాగితాలు దాచుకున్న, మనిషి పట్టేంత అర. ఇప్పుడు ఆ చోటంతా చదును. దాని మీదకి రెండు దుంగలు ఏటవాలుగా ఆనించి, అడుగున రాళ్లు పెట్టి బిగించారు.

గోడ కూలకుండా కాదు. లోపలిది బయటికి రాకుండా!

టక్.

లోపలి నుంచి.

టక్... టక్.

"అన్నా..." పెదాలు మాత్రం కదులుతాయి.

వరండాలో అడుగులు. దగ్గరకొస్తున్నాయి.

ఇప్పుడు ఆమెకు ఆ అడుగులు పట్టవు. కాలితో రాళ్లు తన్నేస్తుంది. దుంగలు జారి దబ్బున పడతాయి. గోనెలు లాగేస్తుంది. పది వేళ్లూ సున్నంలో దించి గోకుతుంది. తడి సున్నం ముద్దలు ముద్దలుగా ఊడుతోంది. ఇటుక దొరికింది. ఊపింది. పాలపన్నులా కదిలింది. లాగింది.

నల్లటి కన్నం.

అందులోంచి ఒక చెయ్యి!

ఆ చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంటుంది. ప్రాణం ఉంది... అన్నకు ప్రాణం ఉంది.

"వచ్చేశాను అన్నా. మాట్లాడకు. ఇంకో ఇటుక తీస్తే..."

రెండో ఇటుక. మూడోది. ఏడుస్తూనే ఆ అరచేతిని తన చెంపకు ఆనించుకుంటుంది.

ఆనించుకుని... బిగుసుకుపోతుంది.

నున్నగా ఉంది.

ముప్పై ఏళ్లు సున్నం కలిపిన అరచెయ్యి నున్నగా ఉండదు. అన్న చెయ్యి ఎండిన చెరువులా బీటలు వారి ఉంటుంది. చలికాలం ఆ బీటల్లో నెయ్యి రాసేది ఆమే.

"బతికించావమ్మాయ్," అంటుంది లోపలి గొంతు, బొంగురుగా. "కాలు విరిగింది. కన్నం ఇంకొంచెం పెద్దది చెయ్."

కాంట్రాక్టర్ గొంతు!

ఆమె చెయ్యి లాక్కోబోతుంది. అతను వదలడు.

"సార్... మా అన్న ఏడీ?"

"నన్నిక్కడ పెట్టి గోడ కట్టింది ఎవరనుకున్నావ్?"

తెల్లటి వెలుగు ఆమె కళ్లల్లో పడుతుంది. గుమ్మంలో టార్చి. టార్చి వెనక ఒక మనిషి.

"చెల్లీ?"

అన్న!

"నువ్వా... ఇంతసేపూ వాడి మనిషెవరో వచ్చాడనుకుని నీ వెనకే..." అన్న గొంతు మారిపోతుంది. "ఆ కన్నం ముందు నుంచి జరుగు. ముందు జరుగు."

"నువ్వు... మనిషిని గోడలో..."

"పలకలు అమ్మేశాడే. మొన్న రాత్రి ఇక్కడే అడిగితే తుపాకీ తీశాడు. తోసేశాను. ఆ అరలో పడి స్పృహ తప్పాడు. ఫోను పగిలింది. వదిలేస్తే లేచి చంపేస్తాడు, స్టేషనుకెళితే దొంగవి నువ్వే అంటారు. గోడ కట్టేశాను. పైన గాలికి కన్నం పెట్టాను, లోపల బిందెడు నీళ్లు పెట్టాను. గట్టిపడకుండా..."

"ప్లాస్టిక్ కప్పావు."

"చంపేవాణ్ణే అయితే గాలి తగలనిచ్చేవాణ్ణి కదే."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

"పలకలు కొన్నవాడి గోడౌన్ దొరికింది. పోలీసులకు చూపించాను. కింద జీపు వస్తోంది. నేను ముందు పరుగెత్తుకొచ్చాను. ఎందుకంటే..." అన్న ఒక అడుగు ముందుకేస్తాడు. "ఆ రాత్రి నుంచీ వెతుకుతున్నా చెల్లీ. తుపాకీ ఎక్కడా దొరకలేదు."

మణికట్టు మీద పట్టు హఠాత్తుగా వదిలేసింది.

ఆమె తల తిప్పుతుంది.

కన్నంలో ఇప్పుడు చెయ్యి లేదు. నల్లటి గొట్టం ఉంది. అది ఆమె వైపు లేదు. ఆమె భుజం మీదుగా... గుమ్మం వైపు ఉంది.

ఆలోచన లేదు. కింద పడిన తడి సున్నం ముద్ద ఆమె పిడికిట్లోకి వచ్చేసింది. నాన్న నేర్పిన మొదటి పాఠం. సున్నాన్ని గోడకు పుయ్యకు, విసిరి కొట్టు. మణికట్టు విదిలించి...

కొట్టింది!

లోపల కేక.

ఢాం!

టార్చి నేల మీద పడి దొర్లి ఆరిపోయింది. చెవుల్లో ఒకటే హోరు. ఎక్కడో కింద జీపు బ్రేకు చప్పుడు. గోడలో కాంట్రాక్టర్ "కళ్లు... నా కళ్లు" అని అరుస్తున్నాడు. తుపాకీ రాళ్ల మీద పడిన చప్పుడు. ఆమె దాన్ని కాలితో దూరంగా తన్నేస్తుంది.

"అన్నా?"



మోకాళ్ల మీద పాకుతుంది. ఇటుకలు... గోనె... ప్లాస్టిక్... నేలంతా తడుముతుంది.

చెయ్యి!

బొటనవేలితో ఆ అరచేతిని తడుముతుంది. బీటలు. ఒకటి, రెండు, చూపుడువేలి కింద ఆ లోతైనది.

ఆ చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది.

"బాగానే విసిరావే," అన్నాడు అన్న చీకట్లోంచి. "నాన్న ఉంటే మణికట్టు వంకర అనేవాడు."

"మాట్లాడకు. మొన్న నేను పలకలేదు అన్నా. నువ్వు గుమ్మంలో నిలబడ్డావు, నేను..."

"ఎప్పుడూ పలుకుతావేంటి నువ్వు?"

మెట్ల మీద బూట్లు. పదకొండో మెట్టు కిర్రుమంది. పన్నెండోది.

ఆమె నవ్వుతూ అన్న తలను ఒళ్లోకి తీసుకుంటుంది. అతని చొక్కా తడిగా ఉంది. ఈ గదిలో అన్నీ తడే... గోడ, నేల, ఆమె చీర, అన్నిటి మీదా సున్నపు నీళ్లే.

అరచెయ్యి చొక్కా మీద పెట్టి ఆగిపోతుంది.

సున్నపు నీళ్లు చల్లగా ఉంటాయి.

ఇది వెచ్చగా ఉంది.