చివరి గాడి

సాయంత్రం ఆరుంబావుకి డీజే చచ్చిపోయాడు. తొమ్మిదింటికి అతని ప్రోగ్రాం.

రైల్వే స్టేషన్లో మనవాళ్ళు చెయ్యి పట్టుకోగానే, పంటి సందున దాచుకున్న క్యాప్సూల్ కొరికేశాడు. మిగిలినవి మూడు: నలభై రెండు రికార్డులున్న పెట్టె, అద్దం ముక్కలు అతికించిన హెల్మెట్, జేబులో చీటీ. చీటీలో ఒకటే వాక్యం. "చివరి గాడి మోగగానే పని ముగించు."

"ఏమైనా అర్థమైందా?" అన్నాడు చీఫ్.

"లేదు సార్," అన్నాడు ఏజెంట్.

"మాకూ కాలేదు. అందుకే నిన్ను పంపిస్తున్నాం. హెల్మెట్ లేకుండా వీణ్ణి ఎవరూ చూళ్ళేదు. డిస్కో హాల్లో ఇవాళ నువ్వే డీజేవి. జనంలో ముఠా మనిషి ఒకడుంటాడు. ఎవరో తెలీదు. వాడు చంపబోయేది అక్కడ డాన్స్ చెయ్యడానికొచ్చే మన సైఫర్ గుమాస్తాని. డిఫెన్స్ కోడ్లన్నీ అతని బుర్రలోనే ఉన్నాయి."

చీఫ్ బల్లమీద ఫొటో పెట్టాడు. వెండి రంగు చొక్కా, చెవులదాకా నవ్వు. ఏజెంట్ బావమరిది.

"సార్! వాణ్ణి ఇంట్లో పెట్టి తాళం వేస్తే సరిపోతుంది కదా!"

"ఇవాళ దొరక్కపోతే హంతకుడు రేపు ఇంటికొస్తాడు. అతనుండేది మీ మేడమీద గదిలోనేగా?"

ఏజెంట్ తన ఇంట్లో ఏజెంటనే చెప్పాడు. వాళ్ళు ఇన్సూరెన్స్ అనుకున్నారు. పదకొండేళ్ళుగా ఒక్క అబద్ధం ఆడకుండా నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు బావమరిదికి ఏమన్నా అయితే ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? తూటాకి ఎదురెళ్ళడం వేరు. "మా తమ్ముడేడండీ?" అన్న భార్య ప్రశ్నకి ఎదురెళ్ళడం వేరు.

గాడ్జెట్ల సెక్షన్‌వాళ్ళు హెల్మెట్లో చీఫ్‌తో మాట్లాడే మైకు పెట్టి, రికార్డులు తుడిచే బ్రష్షొకటి ఇచ్చారు. మీట నొక్కితే మత్తు సూది దూసుకెళ్తుంది. ఒక్కటే సూది. హాలు గుమ్మంలోనే ఏజెంట్ వేలు పొరపాటున మీట మీద పడింది. తెల్లారేదాకా అక్కడి బౌన్సర్ హాయిగా నిద్రపోయాడు.

డీజే బల్ల పక్కన బంగారు గౌనులో ఒకామె స్పాట్‌లైట్ తిప్పుతోంది. లైట్స్ మేడమ్. మన మనిషి. వాళ్ళ మనిషి కూడా. ఏ పూట ఎవరి మనిషో ఆమె ఫైల్లో పెన్సిల్‌తో రాసుంటుంది, చెరిపి రాయడానికి వీలుగా.

"బల్బు మాడిందా?" అన్నాడు ఏజెంట్. అది కోడ్.

"మాడలేదు, అలిగింది." ఆమె నవ్వింది. "పాటలు కలపడం వచ్చా?"

"రాదు."

ఇరవై నిమిషాల్లో నేర్పింది. ఒక టర్న్‌టేబుల్ మీద రికార్డు తిరుగుతూ పాట మోగుతుండగానే రెండోదాని మీద ఇంకోటి పెట్టాలి. హెడ్‌ఫోన్లో ముందే విని, అడుగుకి అడుగు కలిపి, జనానికి తెలీకుండా దీన్లోంచి దాన్లోకి దాటెయ్యాలి. "ఏ డీజే రికార్డుని చివరిదాకా పోనివ్వడు. అసలు రికార్డు చివర ఏముంటుందో డాన్స్ చేసేవాళ్ళెవరూ వినుండరు."

తొమ్మిదయింది. స్పాట్‌లైట్ హెల్మెట్ మీద పడింది. అద్దాలకి తగిలి ఆ వెలుగు వెనక్కెళ్ళి బార్‌వాణ్ణి తాకింది. వాడు కళ్ళు మూసుకుని, గ్లాసులో పోయాల్సింది గాల్లో పోశాడు. జనం ఈలలేశారు. హెల్మెట్లో చెమట గడ్డందాకా నిండింది. ఈత వచ్చు కాబట్టి ఏజెంట్ బతికాడు.

కింద రెండొందలమంది. ప్రతివాడి చెయ్యీ ఏదో ఒక జేబులోకి పోతూనే ఉంది. అందరూ హంతకుల్లాగే ఉన్నారు. ఒక్క బావమరిది మాత్రం సరిగ్గా హాలు మధ్యలో, అద్దాల బంతి కింద, ఒక వేలు ఆకాశానికి, ఒక వేలు నేలకి చూపిస్తూ గెంతుతున్నాడు. గురి చూసుకోడానికి అంతకన్నా అనువైన మనిషి ఉండడు. హాలు ఫొటోగ్రాఫర్ అటు తిరిగినప్పుడల్లా ఆగి, జుట్టు సర్దుకుని, ఫోజిస్తున్నాడు.

పదిన్నరకి లైట్స్ మేడమ్ పెట్టెలోంచి తెల్ల లేబుల్ రికార్డొకటి తీసి చేతికిచ్చింది. "ఇది వెయ్యి. దుమ్ము లేస్తుంది."

వేశాడు. లేచింది. నిమిషం మిగిలుందనగా తర్వాతి పాట కోసం ఎడమ టర్న్‌టేబుల్ వైపు తిరిగాడు. దానికి రికార్డు గాడిలో నడిచే సూది లేదు! ఎవరో ఊడదీసేశారు. మేడమ్ ఎడమ గుప్పిట బిగించి ఉంది.

రికార్డు చివరిదాకా పోతే పాట అయిపోతుంది. సూది మాత్రం ఆఖరి గాడిలో గిర్రున తిరుగుతూ టిక్కు టిక్కుమంటుంది. చివరి గాడి! ఏ డీజే వినిపించని చప్పుడు. పొరపాటున కూడా ఎవరూ చెయ్యని సంకేతం.

రికార్డు ఎత్తేద్దామా? ఒక్క క్షణం నిశ్శబ్దమైనా హంతకుడు అదే సంకేతమనుకుంటే? ఏం చెయ్యాలో తోచక, వేలితో రికార్డుని పది చుట్లు వెనక్కి తిప్పేశాడు. కిర్రుమంది. పాట ఇరవై సెకన్లు వెనక్కెళ్ళి మళ్ళీ మోగింది. హాలంతా కేకలు. కొత్త స్టైలనుకున్నారు పాపం.

మళ్ళీ చివరికొచ్చింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఒక సంగతి కంటబడింది. పాట ఇంకో రెండు సెకన్లుందనగా ఫొటోగ్రాఫర్ కెమెరా పైకి లేచింది. వెనక్కి తిప్పగానే దిగింది. మూడోసారీ అంతే, సరిగ్గా అక్కడే లేచింది, దిగింది. హాల్లో రెండొందలమంది తాళానికి ఆడుతున్నారు. అతనొక్కడే ఆ పాట ముగింపు కోసం చూస్తున్నాడు. ఇన్ని ఫొటోలు తీశాడు కదా, ఒక్కసారన్నా ఫ్లాష్ వెలిగిందా? లేదు. అది లెన్స్ కాదు. తుపాకీ గొట్టం!

"చీఫ్! ఫొటోగ్రాఫర్!" హెల్మెట్ మైకులో అరిచాడు.

"ఏంటి? రేడియేటరా?" అన్నాడు చీఫ్.

నాలుగోసారి తిప్పబోయాడు. చెమటకి వేలు జారింది. సూది ఎగిరిపడి నేరుగా ఆఖరి గాడిలోకి జారిపోయింది.

టిక్. టిక్. టిక్.

రెండొందలమంది కాళ్ళు ఆగిపోయాయి. కెమెరా లేచింది. బావమరిది జుట్టు సర్దుకున్నాడు.

"లైట్ నా మీదెయ్యి!" ఏజెంట్ గొంతు కీచుమంది. "అది తుపాకీ! ఆ బంతి కిందవాడు నా పెళ్ళాం తమ్ముడు!"

మేడమ్ మొహం పాలిపోయింది. "ఫొటో తీస్తారన్నారు... ఫొటోనే అన్నారు నాతో!"

"వెయ్యవే తల్లీ!"

వేసింది. ఏజెంట్ తల వంచి, మూడొందల అద్దం ముక్కల వెలుగుని ఫొటోగ్రాఫర్ కళ్ళలోకి విసిరాడు. వాడి మొహం పక్కకి, కెమెరా పైకి తిరిగాయి. ఠప్! పైన అద్దాల బంతి పగిలి వెండివానలా రాలింది. అది ప్రోగ్రాంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే మనవాళ్ళిద్దరు వెయిటర్ల వేషంలో ఫొటోగ్రాఫర్ని చెరో చంకా పట్టుకుని ఎత్తుకుపోయారు. మేడమ్ గుప్పిట విప్పి సూదిని బల్లమీద పెట్టింది.

"ఫైల్లో పెన్ను వాడమని చెప్పు మీ చీఫ్‌కి," అంది.

బావమరిది జుట్టులో అద్దప్పెంకులతో డీజే బల్ల దగ్గరికొచ్చాడు. "గురూగారూ, ఒకే ముక్క నాలుగుసార్లేంటండీ? ఇంకో రికార్డు లేదా? మా బావ నయం మీకన్నా. ఆయనకి మ్యూజిక్కంటేనే భయం."

హెల్మెట్ నెమ్మదిగా తలూపింది. లోపల ఏజెంట్ ఏడుస్తున్నాడు.

పొద్దున టీ తాగుతూ బావమరిది గొణిగాడు. "బావా, ఆ ఫొటోగ్రాఫర్ నావి పదిహేను ఫొటోలు తీశాడు. ఒక్కటీ ఇవ్వలేదు. వాడి అడ్రస్ ఎక్కడ దొరుకుతుందంటావ్?"

"రానందుకు సంతోషించరా," అన్నాడు ఏజెంట్. "ఒక్కటొచ్చుంటే ఈపాటికి గోడమీద ఉండేవాడివి."

వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. "ఉంటే మీకేం బాధట? హాల్లో మేకు ఖాళీగానే ఉంది."