సరిచూసిన కాగితాలు

మా లాయరుగారి ఆఫీసంటే మేడమీద రెండు గదులు. ముందు గది ఆయనది. వెనక గదిలో నేనూ, గుమాస్తాగారూ, రెండు ఇనప బీరువాలూ. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ టైపు కొడుతున్నాను. హత్య కేసయినా, విడాకుల కేసయినా నా వేళ్ళ కిందనుంచి పోవాల్సిందే. ఎదురుగా కూర్చుని ఎవరైనా ఏడుస్తుంటే నేను మార్జిను సరిచేసుకుంటూ ఉండేదాన్ని. రాతిగుండె అనేవాళ్ళు. అంటే అననీ, ఆ ఉద్యోగానికి అదే కావాలి.

అలాంటిదాన్ని నా సొంత తమ్ముడి అప్పీలు కాగితాలు కొట్టాల్సి వచ్చింది.

పెళ్ళాన్ని గొంతు నులిమి చంపాడని కింది కోర్టు వాడికి యావజ్జీవ శిక్ష వేసింది. వాడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. కాకిపిల్ల కాకికి ముద్దు మరి. నా చేతి ముద్ద తిని పెరిగినవాడు అలాంటి పని చెయ్యడని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే బోనెక్కి అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రం తమ్ముడు మా ఇంట్లోనే ఉన్నాడని. లేడు. ఒంటరిగా రోడ్లమీద తిరిగానని వాడు నాతో అన్నాడు, దానికి సాక్షులు లేరు. నిజానికి సాక్షి లేకపోతే అబద్ధానికి నేనుంటానులే అనుకున్నాను. జడ్జి నమ్మలేదు. రక్తసంబంధం అలాగే మాట్లాడుతుందని ఒక్క వాక్యంలో కొట్టిపారేశాడు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను, దాచి ఏం లాభం. పోవడానికి నెల ముందు మరదలు మా ఇంటికొచ్చింది. మండుటెండల్లో మెడకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. "వదినా, నాలుగు రోజులు ఇక్కడుంటాను" అంది. "మొగుడూ పెళ్ళాలన్నాక మాటామాటా రాదా? సర్దుకుపోవాలమ్మా" అని టీ ఇచ్చి పంపేశాను. ఆ గుడ్డ తియ్యమని అడగలేదు. ఈ మాట ఏ కోర్టులోనూ చెప్పలేదు.

అప్పీల్లో సాక్షులు మళ్ళీ రారు. కాగితాలే మాట్లాడాలి. కింది కోర్టులో ఎవరేమన్నారో అంతా టైపు చేసి, పుస్తకంలా కుట్టి పై కోర్టుకివ్వాలి. ఇచ్చేముందు సరిచూడాలి. ఒకళ్ళు టైపు చేసింది పైకి చదువుతారు. ఎదురు కుర్చీలో ఇంకొకళ్ళు కోర్టు ముద్ర ఉన్న నకలు చూస్తూ, వాక్యం అయ్యాక "ఊఁ" అంటారు. ఊఁ రాలేదంటే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఆగాలి, దిద్దాలి, మళ్ళీ చదవాలి. పంతొమ్మిదేళ్ళుగా చదవడం నా వంతు, ఊఁ కొట్టడం గుమాస్తాగారి వంతు. ఆయన నిద్రలో కూడా ఊఁ కొడతాడని లాయరుగారు వెక్కిరించేవారు.

సరిగ్గా ఆ ఆదివారమే గుమాస్తాగారికి జ్వరం. లాయరుగారు ఫోన్లో విసుక్కున్నారు. "ఒక్కదానివే కూర్చుని చూసుకోమ్మా. రేపు పదింటికి ఇవ్వకపోతే మళ్ళీ ఆరు నెలలు."

ఆరు నెలలు. పోయినసారి వెళ్ళినప్పుడు వాడి చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. అన్నం తినడం లేదని వార్డరు చెప్పాడు. ఆరు నెలలాగితే అప్పీలు గెలుస్తాను గాని తమ్ముడు మిగలడు. నాకున్నది వాడొక్కడే.

మధ్యాహ్నం రెండింటికి ఆఫీసు తలుపు తీశాను. బయట వాన. జల్లు కొట్టకుండా కిటికీలు మూసేశాను. కరెంటు లేదు. పాత కాగితాల వాసన, చెమ్మ వాసన. చిన్న దీపం పెట్టుకుని, ఎదురు కుర్చీ ముందు నకలు కట్ట విప్పి, నా పేజీలు చేతిలోకి తీసుకున్నాను. ఎదురుగా ఎవరూ లేకపోయినా పైకే చదవడం మొదలుపెట్టాను. అలవాటు అలాంటిది.

మొదట డాక్టరు వాంగ్మూలం. "మెడమీద రెండు వైపులా వేలిగుర్తులు ఉన్నాయి."

"ఊఁ."

తరువాతి వాక్యం చదివేశాను. దానికీ ఊఁ వచ్చింది. మూడోది చదువుతుంటే అప్పుడు తట్టింది... గుమాస్తాగారు లేరు కదా.

దీపం ఎత్తి చూశాను. కుర్చీ ఖాళీ. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వయసు మీద పడుతోంది, చెవులు కథలు చెబుతున్నాయి అనుకున్నాను. నవ్వుదామనుకున్నాను గాని నవ్వు రాలేదు. మళ్ళీ చదివాను, ఈసారి నెమ్మదిగా.

"ఆమె చనిపోయి అప్పటికి పది గంటలు అయి ఉంటుంది."

"ఊఁ."

ఆడగొంతు. సగం గొంతులోనే ఆగిపోతున్నట్టు, గాలి అందనట్టు. తడిసిన గుడ్డ వాసన కూడా వచ్చింది. ఎదుటి కట్టలో పేజీ దానంతటదే లేచి, అవతలికి పడింది.

లేచి పరిగెత్తాల్సింది. కాని మెట్లు దిగితే రేపటి పది గంటలు పోతాయి, తమ్ముడు పోతాడు. నీళ్ళలో మునిగేవాడు గడ్డిపోచ పామో కాదో చూడడు. చదివాను.

తరువాత తమ్ముడి ఇంటి కింద వాటాలో ఉండే కుట్టుపనావిడ వాంగ్మూలం. తమ్ముడికి శిక్ష పడింది ఆవిడ మాట మీదే. "ఏడు గంటలప్పుడు పైనుంచి ఆమె భర్త గొంతు వినిపించింది."

నిశ్శబ్దం.

మళ్ళీ చదివాను. ఊఁ రాలేదు. మూడోసారి... రాలేదు. వంగి నకలు చూశాను. "ఏడు గంటలప్పుడు పైనుంచి ఒక మగగొంతు వినిపించింది. ఎవరిదో చెప్పలేను" అని ఉంది. ఆ వాక్యం నిన్న నేనే కొట్టాను. "భర్త" అన్న మాట దగ్గర ఏడుపొచ్చి, కాసేపు మిషను మీద తల పెట్టుకున్నాను. అది భ్రమ కాదు. కాని నకలు మీద కోర్టు ముద్ర ముద్రలాగే ఉంది, కొట్టివేత ఒక్కటీ లేదు.

పేజీ మార్చి మళ్ళీ కొట్టాను. చదివాను.

"ఊఁ."

నాకు ప్రాణం లేచొచ్చింది. "నువ్వేనా తల్లీ?" అన్నాను గుసగుసగా. "వాడు కాదని చెప్పడానికొచ్చావా?" జవాబు లేదు. ఏడుస్తూ చదువుతూ పోయాను. అయిదు చోట్ల ఊఁ రాలేదు, అయిదు చోట్లా నకలు మారి ఉంది. నేను ముందు కొట్టిన అయిదూ తమ్ముడికి ఉరితాళ్ళలాంటి మాటలే. దిద్దిన ప్రతిసారీ మరదలికి మనసులో దండం పెట్టుకున్నాను. పిచ్చిదాన్ని!

ఆఖరుది నా వాంగ్మూలం.

అది చదవాలంటే సిగ్గేసింది. ఇంతసేపూ నిజం చెప్పిన మనిషి ముందు నా అబద్ధం ఎలా చదవను? దాన్ని వదిలేసి కాగితాలు సర్దబోయాను. ఎదుటి కట్టలో ఆ పేజీ తెరుచుకుంది. తెరుచుకుని, నాకోసం ఆగింది.

"ఆ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నా తమ్ముడు నాతోనే ఉన్నాడు."

ఊఁ రాదని తెలుసు. తలొంచుకుని కూర్చున్నాను.

"ఊఁ."

వెంటనే వచ్చింది. అన్నిటికన్నా గట్టిగా వచ్చింది. ముందుకి వంగి అన్నట్టు.

"అది... అబద్ధం" అన్నాను.

"ఊఁ."

అప్పుడు అర్థమైంది. ఆమె సరిచూస్తున్నది నిజాన్ని కాదు. వాణ్ణి జైలునుంచి బయటికి తెచ్చే మాటలకే ఊఁ కొడుతోంది.

"వాడు బయటికొస్తే నీకేంటి?" అని అడిగాను.

ఈసారి ఊఁ లేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. పని అయిపోయినవాళ్ళు లేచినట్టు.

ఆ కాగితాలు చింపెయ్యొచ్చు. ఆ రాత్రంతా వాటిని ఒళ్ళో పెట్టుకుని అదే ఆలోచించాను. చింపితే తమ్ముడు లోపల చస్తాడు. ఇస్తే... ఏమో. తెలిసిన చావు ఒక పక్క, తెలియని భయం ఒక పక్క. పొద్దున్న పదింటికి తీసుకెళ్ళి ఇచ్చేశాను. కన్నతల్లి ఉన్నా అదే చేసేదని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడు వారాలకి తీర్పొచ్చింది. అనుమానం మిగిలిందన్నారు, వదిలెయ్యమన్నారు. కింది కోర్టునుంచి వచ్చిన అసలు కట్టలో కూడా అలాగే ఉంటే, పాపం ప్రభుత్వ లాయరు మాత్రం ఏం చేస్తాడు? తీర్పు వినడానికొచ్చిన కుట్టుపనావిడ కోర్టు వరండాలో నా చెయ్యి పట్టుకుంది. "నేనట్లా అనలేదమ్మా. వాడి గొంతేనని జడ్జిగారితో మూడుసార్లు చెప్పాను" అంది. కోపంగా అనలేదు, భయంగా అంది. నేను చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

మర్నాడు ఉదయం పదకొండింటికి జైలు గేటు దగ్గర టాక్సీ ఆపించి, కొత్త చొక్కా పట్టుకుని నిలబడ్డాను. గంటయినా వాడు రాలేదు. చివరికి వార్డరు చిన్న తలుపు తీసి తల బయటపెట్టాడు.

"ఏంటమ్మా మీవాడు? బయటికి రానని ఊచలు పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటివాణ్ణి చూడలేదు."

నన్ను లోపలి గేటు దాకా రానిచ్చారు. తమ్ముడు ఊచలకి చేతులు పెనవేసుకుని నేలమీద ఉన్నాడు. నన్ను చూసి చిన్నప్పటిలా ఏడ్చాడు.

"నన్నెందుకు విడిపించావక్కా?"

"ఏం మాటలురా అవి? లే, ఇంటికెళదాం."

"రోజూ ఈ గేటు అవతలే నిలబడుతుంది. లోపలికి రాలేదు. ఎప్పుడొస్తావని అడుగుతుంది... అంతే, అదొక్కటే."

ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న అప్పుడడిగాను. "నువ్వే చేశావా?"

వాడు వింతగా చూశాడు. "నీకు తెలుసనుకున్నాను. తెలిసే నాకోసం అలా చెప్పావనుకున్నాను."

నేను గోడ పట్టుకున్నాను. వాడికి ముద్దలు కలిపి పెట్టిన చెయ్యే ఆ కాగితాలూ కొట్టింది. ఒక్కసారి, "వీణ్ణి ఇక్కడే ఉంచుకోండి" అని వార్డరుతో అన్నాను కూడా. ఆయన నవ్వాడు. "శిక్ష లేనివాణ్ణి ఒక్క పూట ఉంచుకున్నా నా ఉద్యోగం పోతుందమ్మా." ఇద్దరొచ్చి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. బయటికి నెట్టి తలుపేశారు.

ఎండ నిలువునా కాస్తోంది. గేటు ముందు ఎవరూ లేరు. తమ్ముడు మాత్రం నేల చూపులే తప్ప పైకి చూడలేదు. టాక్సీ వెనక సీట్లో ఆ చివరికి పాకి, తలుపుకి అతుక్కుని కూర్చున్నాడు. నేను ఇవతల ఎక్కాను.

"ఇటు జరగరా. పడిపోతావు."

"చోటు లేదక్కా" అన్నాడు కళ్ళు గట్టిగా మూసుకుని.

మా ఇద్దరి మధ్యా చోటు ఖాళీగానే ఉంది. టాక్సీ కదిలింది. మొదటి మలుపు తిరిగేటప్పటికి ఆ ఖాళీ చోట సీటు మెల్లగా కిందికి దిగింది. ఇక వాడి వైపు తిరుగుతుంది... ఇప్పుడే... అనుకుంటూ వాడి చెయ్యి అందుకోబోయాను.

చల్లని తల ఒకటి వచ్చి ఆనింది. వాడి భుజం మీద కాదు. నా భుజం మీద. ఆ రోజు నేను తియ్యమని అడగని గుడ్డ తడితడిగా నా చెంపకి తగిలింది.

తమ్ముడు కళ్ళు తెరిచాడు. నా వైపు, నా భుజం వైపు చాలాసేపు చూశాడు. అప్పుడు వాడి ముఖం కాస్త తేటపడింది.