వెళ్ళొస్తామన్న మాట

ఆ మైనపు బొమ్మల మ్యూజియంకి టికెట్లు బుక్ చేసింది ఆవిడే. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆవిడకి ఉద్యోగం. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తారు. వాటి మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు అమర్చి, ఎవరి నవ్వు వాళ్ళకి సిద్ధం చెయ్యడం ఆవిడ పని. రోజంతా మైనంతోనే కాపురం. సెలవు రోజు కూడా మైనం చూడ్డానికి వెళ్తానంటే ల్యాబులో వాళ్ళు నవ్వరూ మరి?

"పిల్ల పోరు పడలేక," అంది ఆవిడ ఫోనులో స్లాటు వెతుక్కుంటూ.

పోరు నిజమే. ఏడేళ్ళ బుడ్డదానికి కితకితల మావయ్యంటే పిచ్చి. ఒకప్పుడు టీవీలో పిల్లల్ని నవ్వించిన మనిషి. బుడ్డది పుట్టకముందే పోయాడు. అయినా పాత కార్యక్రమాలు ఫోనులో చూసి చూసి, ఆయన మాటలన్నీ దానికి నోటికొచ్చేశాయి. ఆ మ్యూజియంలో గాయకులూ హీరోయిన్లూ బాక్సర్లూ ఎంతమంది ఉన్నా, దానికి కావలసింది ఆ ఒక్కడే.

ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు. కొరియరు ఆఫీసులో పనిచేసే మొగుడు. ఆదివారం కూడా డ్యూటీ ఆయనకి. రెండోది ఆయన అక్కగారు. పెళ్ళయిన ఏడాదికే మొగుడు వదిలేస్తే వచ్చి తమ్ముడింట్లో ఉండిపోయింది. ఈవిడకి వదిన. ఈవిడ మనసులో పెట్టుకున్న పేరు సూపర్‌వైజరు. పాలు ఎందుకు పొంగాయి, లైటు ఎందుకు వెలుగుతోంది, పిల్ల ఎందుకు దగ్గుతోంది, అన్నిటికీ జవాబు చెప్పుకోవాలి.

"మీరూ వస్తారా వదినా?" అని మాటవరసకి అడిగింది.

"నా మొహానికి మ్యూజియం ఒకటా," అంది వదిన. ఇంకోసారి అడిగితే వచ్చేదే. ఆ సంగతి ఈవిడకి తెలుసు. తెలిసే అడగలేదు. రెండు టికెట్లు బుక్ చేసి చేతులు దులుపుకుంది.

బట్టల కొట్లూ సినిమా హాళ్ళూ ఉన్న పెద్ద భవనంలో పై అంతస్తు మొత్తం మ్యూజియమే. గుమ్మం దగ్గర యూనిఫాం వేసుకున్న కుర్రాడు ఫోనులో టికెట్టు చూసి, బుడ్డదాన్ని చూసి, మెల్లగా చెప్పాడు.

"ఫొటోలు తీసుకోండి, పక్కన నిలబడండి, కబుర్లు చెప్పుకోండి, మీ ఇష్టం. వెళ్ళేటప్పుడు మాత్రం వాళ్ళకి ఏమీ చెప్పకండి. ఊరికే వెళ్ళిపోండి."

"ఎందుకట?"

"ఆశ పెట్టుకుంటారండీ."

పిల్లల్ని భయపెట్టడానికి జీతమిచ్చి మరీ పెట్టుకున్నట్టున్నారు అనుకుని నవ్వేసి లోపలికి నడిచింది.

లోపల చల్లగా ఉంది. గోడలకి నల్లటి తెరలు, బొమ్మల మొహాల మీద మాత్రం దీపాలు. జనం పెద్దగా లేరు. ఎక్కడో ఓ జంట నవ్వుకుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయింది. ఆవిడకి వృత్తి దోషం, ప్రతి బొమ్మకీ ముందు పళ్ళే చూసింది. గాయకుడివి మరీ తెలుపు. హీరోయిన్ పళ్ళు గుర్రానికి పెట్టాల్సినవి. వార్తలు చదివే ఆవిడకి కింది వరస వెయ్యడం మర్చిపోయారు. ల్యాబులో ఇలాంటి పని చేస్తే ఆ పూటే ఇంటికి పంపించేస్తారు.

ఒక్కటే అర్థం కాలేదు. వాసన. మైనం వాసన ఆవిడకి నిద్రలో కూడా తెలుస్తుంది. ఇక్కడున్నది అది కాదు. తలుపులు మూసిన గదిలో చాలామంది చాలాసేపు కూర్చుని లేచి వెళితే మిగిలే వాసన. చెమట, తలనూనె, పాత బట్టలు.

చివరి గదిలో కితకితల మావయ్య ఒక్కడే ఉన్నాడు. కుర్చీలోంచి ముందుకి వంగి, రెండు చేతులూ చాచి, వేళ్ళు విప్పి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. బుడ్డది పరిగెత్తుకెళ్ళి ఆ చేతుల మధ్య నిలబడింది. ఆవిడ ఫొటో తీద్దామని ఫోను ఎత్తి, అలవాటు చొప్పున పళ్ళు చూసింది.

ముందు పన్ను అంచు కాస్త విరిగి ఉంది. పళ్ళ సందుల్లో టీ మరక. కింది వరస వెనకాల, ఎవరికీ కనిపించని చోట, పసుపుపచ్చగా గార పట్టి ఉంది. విరిగిన పన్ను చెయ్యొచ్చు. మరక వెయ్యొచ్చు. కానీ గార ఎవరు పెడతారు? నోట్లో ఉమ్మి ఊరితే కదా గార పట్టేది...

ఆవిడ ఫొటో తియ్యకుండానే ఫోను దించేసింది.

"పద, పద. ఆలస్యమైపోతోంది," అని పిల్ల రెక్క పట్టుకుంది. బుడ్డది వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"మావయ్యా, పోతున్నాం."

ఊరుకుంటే అయిపోయేది. కానీ ఆవిడ ఏ ఇంట్లో పెరిగిందో ఆ ఇంట్లో 'పోతున్నా' అన్న నోటి మీద ఒకటి పడేది. భయంలో కూడా నాలుక తన పని తాను చేసుకుపోయింది.

"పోతున్నాం అనకూడదని ఎన్నిసార్లు చెప్పాలే? వెళ్ళొస్తాం అనాలి."

"వెళ్ళొస్తాం మావయ్యా," అంది బుడ్డది బుద్ధిగా.

గదిలో అంతసేపూ మోగుతున్న ఏసీ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వెనకాల కుర్చీ కిర్రుమంది. ఎవరో వెనక్కి ఆనుకుని కూర్చున్నట్టు... తీరిగ్గా... ఇక తొందరేమీ లేనట్టు.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

బయట కుర్రాడు బుడ్డదాని మొహం చూడగానే తల వంచుకున్నాడు. "చెప్పేశారా?" అన్నాడు.

"పిల్లకి మర్యాద నేర్పుకోవడం కూడా తప్పేనా?" అని గద్దించింది ఆవిడ.

ఆ వారం బుడ్డది అల్లరి మానేసింది. మొదట ఇంట్లో అందరూ సంతోషించారు. తర్వాత తిండి మానేసింది. బడినుంచి రాగానే బూట్లు విప్పకుండా వీధి తలుపు దగ్గర నిలబడేది. పిలిస్తే పలికేది కాదు. రెప్పలు కూడా ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు వేసినట్టుండేది. డాక్టరు రక్తం పరీక్ష చెయ్యాలని సూది గుచ్చితే చుక్క రాలేదు. చలికి నరం దొరకలేదని ఇంకో రోజు రమ్మన్నాడు.

"ఎక్కడికెళ్ళాలే అక్కడ నుంచున్నావు?" అని తల్లి అడిగితే, "వెళ్ళక్కర్లేదమ్మా. రావాలి," అంది బుడ్డది.

ఆ సాయంత్రం దాని బుగ్గ పట్టుకుని దగ్గరికి తీసుకుంది ఆవిడ. చల్లగా, నున్నగా తగిలింది. బొటనవేలు కొంచెం నొక్కుకుంది. వేలు తీసినా బుగ్గ మీద గుంట అలాగే ఉండిపోయింది. అందులో ఆవిడ వేలి గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా పడ్డాయి. అది ఎంత మెత్తనో, ఏ వేడికి లొంగుతుందో ఆ వేళ్ళకి బాగా తెలుసు.

ఫోను మోగింది. మెసేజి. 'మీ రెండో రాక ఖరారైంది. పిల్లలు: ఒకరు. ఈ ఆదివారం. పేరు మార్చుకోదలిస్తే ఇక్కడ నొక్కండి.'

వెంటనే మ్యూజియంకి ఫోను చేసింది. ఆ కుర్రాడే ఎత్తాడు.

"మేమేం బుక్ చెయ్యలేదు..."

"వెళ్ళొస్తామన్నారు కదండీ," అన్నాడు గుసగుసగా. "వెళ్ళడం అయింది. ఇక రావడమే."

"వస్తే?"

"వస్తామనే అన్నారు. మళ్ళీ వెళ్తామని అనలేదుగా."

"రాము. ఏం చేస్తారు?"

"రాకపోయినా వస్తారండీ. కొంచెం కొంచెంగా. మీరు ఈపాటికి చూసే ఉంటారు."

ఆవిడ ఏడ్చింది. బతిమాలింది. తిట్టింది. అతను అన్నీ ఓపిగ్గా విన్నాడు. చివరికి, "పేరు మార్చుకోండి. ఇంటి మనిషై ఉండాలి. వాళ్ళు వస్తే పాప మాట తీరిపోయినట్టే," అని పెట్టేశాడు.

మొదట తన పేరే రాద్దామనుకుంది. రెండక్షరాలు కొట్టింది కూడా. కానీ పిల్లకి అమ్మ లేకపోతే ఎలా? చెరిపేసింది. మొగుడి పేరు కొట్టింది. ఇల్లెలా గడుస్తుంది? అదీ చెరిపేసింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"పాలు పొయ్యి మీద పెట్టి ఫోను పట్టుకుంటే పొంగవూ? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే?"

ఆవిడ వదిన పేరు కొట్టింది. దానికి ఆట్టే సేపు పట్టలేదు.

చూస్తుండగానే బుడ్డదాని బుగ్గ మీద గుంట పూడింది. రంగు వచ్చింది. పిల్ల రెప్పలు ఆర్పి, "అమ్మా, ఆకలేస్తోంది," అంది. ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుని, వంటింటి వైపు చూడకుండా కూర్చుంది.

ఆదివారం పొద్దున్న వదినకి చెప్పింది. "మీ పేరు మీద ఒక టికెట్టు తీశాను వదినా. ఆ రోజు మిమ్మల్ని తీసుకెళ్ళలేదని మనసులో పీకుతోంది."

వదిన కాసేపు నమ్మలేదు. తర్వాత ఆ మొహంలో ఏదో కదిలింది. గబగబా స్నానం చేసి, ఎప్పుడో దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని, పౌడరు రాసుకుని వచ్చింది. జడ వెనకాల పిన్ను అందకపోతే ఈవిడే పెట్టింది. పెడుతుంటే వదిన మెడ వెనక్కి తిప్పి అంది.

"నా నోరు మంచిది కాదే. నాకూ తెలుసు. అయినా నా గురించి తలుచుకున్నావు చూడు. పుట్టి బుద్ధెరిగాక నాకోసం ఎవరూ ఏదీ కొనలేదు."

ఈవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత పిన్ను గట్టిగా నొక్కి, దారిలో దాహమేస్తుందని మంచినీళ్ళ సీసా కూడా చేతికిచ్చి, లిఫ్టు దాకా వెళ్ళి పంపించింది. అంతటితో ఆగలేదు. మధ్యాహ్నం వదిన గది ఊడుస్తూ, పిల్ల చదువుకోడానికి ఈ గదికి వెలుతురు బాగుంటుంది అనుకుంది. మొగుడికి ఏం చెప్పాలో అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకుంది. ఏడుపు రెండోసారికి బాగా కుదిరింది.

పొద్దు వాలింది. మొగుడు ఇంటికొచ్చి, "అక్క ఏదీ?" అన్నాడు. ఆవిడ నోరు తెరవబోతుండగా తలుపు చప్పుడైంది.

వదిన.

చెమటలు కక్కుతూ, పౌడరు చారలు కట్టి, ఖాళీ సీసా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఈవిడకి పైప్రాణాలు పైనే పోయాయి. వదిన చెయ్యి పట్టుకుని చూసింది. వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. నొక్కితే చర్మం మామూలుగానే పైకి లేచింది.

"అలా పిసుకుతావేంటే, తప్పిపోయి దొరికినట్టు?" అని నవ్వి, వదిన వెళ్ళి సోఫా మధ్యలో కూర్చుంది. బుడ్డది పరిగెత్తుకొచ్చి పక్కన చేరింది. మొగుడు ఫ్యాను వేశాడు. ఇంట్లో అంతా మామూలుగా ఉంది. బుడ్డది బావుంది, వదినా బావుంది. ఒక్క నిమిషం పాటు ఈవిడకి గండం గడిచిపోయిందనిపించింది. చేసిన పాపం కూడా లెక్కలోంచి జారిపోయిందేమో అనిపించింది.

"ఎలా ఉంది వదినా?" అంది.

"ఎంత బాగుందో. ఎంత మర్యాదగా చూశారో. అందరితోనూ ఫొటో దిగాను. చివరి గదిలో మాత్రం బొమ్మ లేదు, ఖాళీ కుర్చీ ఒకటుంటే కాసేపు కూర్చోమన్నారు కూడా."

"కూర్చున్నారా?"

"నేను కూర్చుంటానా, మీరంతా ఇక్కడుండగా? ఆ కుర్రాడు 'ఒక్కరే వచ్చారా అమ్మా' అన్నాడు. సిగ్గేసింది. దిక్కు లేనిదాన్నని అనుకుంటాడు కదా. 'ఒక్కదాన్నేంటి నాయనా, నాకు నిండు సంసారం ఉంది. మా తమ్ముడూ మరదలూ పిల్లా... నన్ను ఇంత బాగా చూసుకునే మరదలుంది. ఈసారి ఇంటిల్లిపాదిమీ వస్తాం' అన్నాను. 'అలాగే, వెళ్ళి తీసుకురండి, మీ ఒక్కరితో పనేముంది' అన్నాడు. మంచి పిల్లాడు."

బల్ల మీద ఫోను మోగింది. మొగుడు తీసి చదివాడు.

"ఇదేంటి, మ్యూజియంకి టికెట్లా? అక్క మాట కాదనలేక అప్పుడే బుక్ చేసేశావా?" అని నవ్వాడు. "వచ్చే ఆదివారమట. పేర్లు మార్చడం కుదరదని రాశారు. పెద్దలు నలుగురు, పిల్లలు ఒకరు... ఐదుగురేంటే? మనం ఉన్నది నలుగురం కదా."

"సరిగ్గానే ఉందిరా," అంది వదిన.

అంటూ సోఫాలో కొంచెం పక్కకి జరిగింది. ఎవరూ చెప్పకుండానే బుడ్డది కూడా ఇంకో పక్కకి జరిగి, మధ్యలో చోటిచ్చింది.