చలపతి లోపల

2071 నాటికి నవలను కళ్లతో చదివేవాళ్లు బాగా తగ్గిపోయారు. నుదుటికి అనుభవ పట్టీ కట్టుకుంటే చాలు. అందులోని న్యూరల్ చిప్ వాక్యాలను నాడీ సంకేతాలుగా మార్చి, కోరుకున్న పాత్ర మనసులోకి పాఠకుణ్ణి దింపేది. ఏ భాషలో రాసినా ఒకటే. అవమానానికి అనువాదం అక్కర్లేదు.

పట్టీకి భాషతో పని లేకపోయినా, గద్దల సలోమి తన నవలను ఇంగ్లీషులో రాసింది. తెలుగులో రాస్తే మనవాళ్లు మొహం తిప్పుకుంటారు, ఇంగ్లీషులో అయితే లోకం వింటుందనుకుంది. అది వాళ్ల నాన్న ఏసోబు కథ. ముప్పై ఏళ్ల కిందట, బండి దిగకుండా పెద్దవీధిలో వెళ్లాడని, ఊరి పెద్ద చలపతి అతని చేత చెప్పులు నెత్తిన పెట్టించి వీధంతా నడిపించి నవ్వాడు. పదేళ్ల సలోమి వెనకే నడిచింది. చలపతి చనిపోయే ముందు, ఆనాటి జ్ఞాపకాన్ని పట్టీలో నమోదు చేయడానికి సంతోషంగా ఒప్పుకున్నాడు. దాన్నీ నవలలో చేర్చింది. ఒక్క గంట ఏసోబుగా బతికినవాడు మళ్లీ ఎవరినీ కులం అడగడని ఆమె ఆశ.

ఏడాదిలో మూడు లక్షల మంది చదివారు. సభల్లో జనం ఆమె చేతులు పట్టుకుని ఏడ్చారు.

ఒక మధ్యాహ్నం పట్టీని తయారుచేసిన ఇంజనీరు వాసంతి బెజవాడలో ఆమె ఇంటికి వచ్చింది.

"ఫోన్లో చెప్పలేకపోయానండీ. మొదటిసారి అందరూ మీ నాన్నగారినే ఎంచుకుంటున్నారు. చాలామంది మళ్లీ వస్తున్నారు. అప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది చలపతిని ఎంచుకుంటున్నారు."

"అర్థం చేసుకోవాలనేమో."

"నేనూ అలాగే అనుకున్నాను. కానీ అతను నవ్వే చోటికే పదేపదే వెళ్తున్నారు."

సలోమి లేచి నిలబడింది. "పుస్తకం తీసేయండి" అంది.

"నా చేతుల్లో లేదు సలోమి గారూ. ఆ ఘట్టం ఇంకాస్త పొడిగించమని కంపెనీ మిమ్మల్ని అడగబోతోంది."

వరండాలో కూర్చున్న ఏసోబు ఇదంతా విన్నాడు. ఇంగ్లీషు రాదు గనక కూతురి పుస్తకం ఏనాడూ తెరవలేదు. పట్టీ జోలికీ పోలేదు. ఇప్పుడు లోపలికొచ్చి బల్ల మీది పట్టీ అందుకున్నాడు.

"నన్ను ఆ చలపతి లోపలికి పంపమ్మా."

"వద్దు నాన్నా."

"నా బాధ నాకు తెలుసు గదా. ఆడెందుకు నవ్వాడో తెలవకే ఇన్నేళ్లూ కుమిలిపోయాను. నా తప్పేదన్నా ఉందేమోనని."

సలోమి మొహం తిప్పుకుంది. వాసంతి పట్టీ కట్టింది. కొద్ది నిమిషాలకు ఏసోబు పెదవులు విచ్చుకున్నాయి. ఆ నవ్వు సలోమి గుర్తుపట్టింది. ఒక్క ఉదుటున వచ్చి పట్టీ లాగేసింది.

ఏసోబు గోడకేసి చూశాడు.

"కారణం ఏం లేదమ్మా" అన్నాడు. "నేను ఏ తప్పూ చెయ్యలేదు. ఊరికే, ఆడికి హాయిగా ఉంది."

"నాన్నా..."

"నాక్కూడా హాయిగానే ఉందమ్మా."

ఆ మాట అని, కూతురి ముందు ఏనాడూ కన్నీరు పెట్టని ఏసోబు వెక్కి వెక్కి ఏడ్చాడు.