మెహర్ ఇవ్వనన్న ఫోను

ఆదివారం పొద్దున్న ఫాతిమా రెండు గ్లాసుల టీయే తెచ్చింది. ఒకటి కొడుకు నవీద్ ముందు పెట్టి, రెండోది తను పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. కోడలు మెహర్ వంటింట్లోకి వెళ్లి తన టీ తనే పోసుకుంది. ఏలూరు తంగెళ్లమూడిలోని ఆ రెండు గదుల ఇంట్లో కొన్నాళ్లుగా అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. ఏం చెప్పాలన్నా ఇద్దరూ నవీద్‌కే చెబుతున్నారు.

గొడవ ఒక ఫోను దగ్గర మొదలైంది. మెహర్ కైకలూరులో చేపల మేత అమ్మే కంపెనీ ఆఫీసులో పనిచేస్తోంది. చెరువుల రైతులు ఫోన్ చేసి ఎన్ని బస్తాలు కావాలో చెబితే, ఆ ప్రకారం లారీ పంపించడం ఆమె పని. దానికోసం కంపెనీ ఒక సెల్‌ఫోను ఇచ్చింది. అది కాక మెహర్‌కి సొంత ఫోను ఒకటుంది, పెళ్లికి ముందు పిల్లలకి ట్యూషన్లు చెప్పి కొనుక్కున్నది.

తాడేపల్లిగూడెంలో ఉండే ఆడపడుచు ఖుష్బూని నొప్పులతో ఆసుపత్రిలో చేర్చారని కబురు వచ్చిన రోజు ఆ సొంత ఫోనులో బ్యాలెన్సు అయిపోయింది. నవీద్‌కి ఫోను లేదు. కంపెనీ ఫోను బల్ల మీదే ఉంది. ఒక్కసారి కూతురితో మాట్లాడించమని ఫాతిమా బతిమాలింది. మెహర్ కుదరదంది. కంపెనీ ఫోనులోంచి ఇంటికి మాట్లాడుకున్నాడని అహరోను అనే గుమాస్తాని అందరి ముందూ నానా మాటలూ అని పంపేశారనీ, తనని ఆ మాట అనే అవకాశం వాళ్లకి ఇవ్వననీ చెప్పి వీధి చివరి కాయిన్ బాక్సు దగ్గరికి పరుగెత్తింది. అది పనిచేయలేదు. మూసేసిన కొట్టు తెరిపించి, రీచార్జి చేయించి, తిరిగొచ్చి ఫోన్ కలిపేసరికి ఖుష్బూని కాన్పు గదిలోకి తీసుకెళ్లిపోయారు.

పాప క్షేమంగానే పుట్టింది. కానీ భయంతో ఉన్న కూతురికి ఒక్క ధైర్యం మాట చెప్పలేకపోయానన్న బాధ ఫాతిమాకి పోలేదు. మా కోడలికి మాకంటే కంపెనీ ఎక్కువండీ అని, పాప కబురు విని పలకరించడానికి వచ్చిన వాళ్లందరితోనూ అంది. ఆ మాటలు మెహర్ చెవిన పడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ కంపెనీ చూపు మెహర్ సొంత ఫోను మీద పడింది.

ఆఫీసు ఫోనుకి మధ్యాహ్నం దాకా కూడా చార్జింగ్ నిలవదు. ఆ సంగతి మేనేజరు బాపిరాజుకి మెహర్ ఎన్నోసార్లు చెప్పింది. ఆయన పట్టించుకోకుండా, మీ ఫోనులోంచి చేసేద్దురూ అనేవాడు. అలా రైతుల దగ్గరికి ఆమె సొంత నంబరు చేరింది. ఈమధ్య మండవల్లి పెద్ద రైతు అబ్బాయిరాజు వీళ్లని వదిలేసి వేరే కంపెనీ మేత కొనడం మొదలుపెట్టాడు. వీళ్ల ధరలు మెహరే బయటికి చేరవేసిందని బాపిరాజుకి అనుమానం వచ్చింది. శనివారం ఆమెని పిలిచి, సొంత ఫోను ఇమ్మన్నాడు. మెసేజీలు చూడాలన్నాడు. రైతులకి తెలిసిన నంబరు కాబట్టి సిమ్ము కూడా ఆఫీసులోనే ఉండాలన్నాడు. ఆమె ఇవ్వనంది. రేపు ఏలూరులో పనుందనీ, ఇంటికే వచ్చి తీసుకుంటాననీ, ఈలోగా మీవాళ్లతో మాట్లాడుకోమనీ చెప్పి పంపాడు.

నవీద్ తివాచీలు నేస్తాడు. ఆ ఏడాది మగ్గానికి పని సగానికి సగం తగ్గిపోయింది. ఇల్లు గడిచేది భార్య జీతంతోనే అని అతనికి తెలుసు. అందుకే టీ తాగుతూ మెల్లగా నచ్చజెప్పబోయాడు.

"చూస్తే చూడనీ మెహర్. నువ్వేం తప్పు చేయలేదుగా."

"చేయలేదు కాబట్టే ఇవ్వనండి," అంది మెహర్. "ఇవాళ ఇచ్చానంటే, తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టే."

అతను ఇంకా ఏదో అనబోతుంటే బయట మోటారు సైకిలు ఆగింది.

బాపిరాజు మర్యాదగానే లోపలికి వచ్చాడు. ఫాతిమాకి నమస్కారం పెట్టాడు, మనవరాలు ఎలా ఉందని అడిగాడు, కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాక అసలు సంగతి ఎత్తాడు. పైవాళ్ల దగ్గర్నుంచి ఒత్తిడి ఉందట. ఇందులో తన సొంత కక్ష ఏమీ లేదట. మెహర్ లోపలికి వెళ్లి కంపెనీ ఫోను, చార్జరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఇంట్లో అవసరానికి దాంట్లోంచి ఒక్క కాల్ కూడా చేయలేదనీ, బిల్లు తెప్పించి చూసుకోవచ్చనీ చెప్పింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ఇది కాదండీ, రెండోది."

"అది నాదండి."

"మీదే కావచ్చు. కానీ కంపెనీ పనికి వాడారా లేదా? వాడారంటే కంపెనీకి చూసే హక్కు ఉంటుందండీ."

మెహర్ గొంతు పెంచలేదు. "ఆఫీసు ఫోను పనిచేయడం లేదని చెబితే, మీ సొంత ఫోనులోంచి చేయమన్నది మీరేనండీ. అప్పుడు డబ్బులు నావి, ఫోను నాది. ఇప్పుడు కంపెనీది ఎలా అయిందండీ?"

బాపిరాజు ముఖం ఎర్రబడింది. ఆమెతో మాటలు అనవసరమన్నట్టు నవీద్ వైపు తిరిగాడు. ఉద్యోగం ఉండాలో వద్దో మీరే ఆలోచించుకోండన్నాడు. నవీద్ తల దించుకున్నాడు. లేచి గూట్లో ఉన్న భార్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మెహర్ అతని వంక చూసింది. "వద్దండీ," అంది, అంతే.

అతను చేయి చాపేలోపు ఫాతిమా గుమ్మంలోంచి లేచి వచ్చింది. కొడుకు చేతిలోంచి ఫోను లాక్కుని కొంగుచాటున పెట్టుకుంది.

"నా కూతురు ఆసుపత్రిలో ఉంటే, నేను ఏడ్చి అడిగినా మీ ఫోను నన్ను ముట్టుకోనివ్వలేదు బాబూ ఈ పిల్ల. కంపెనీ సొమ్ము కంపెనీదేనంది. అలాంటిది మా ఇంటి ఫోను మీకెందుకిస్తుంది? ఇందులో నా కూతురు వదినకి రాసుకున్న మాటలున్నాయి. తల్లిని, నేనే అవి చదవలేదు. మీరు చదువుతారా?"

బాపిరాజు కుర్చీలోంచి లేచాడు. రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదని మెహర్‌తో అన్నాడు.

"వస్తానండి. రావద్దన్న మాట, ఎందుకు వద్దన్నారో ఆ మాట, కాగితం మీద పెట్టివ్వండి. అప్పుడు మానేస్తాను."

ఆయన కంపెనీ ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. నవీద్ సిగ్గుతో భార్య ముఖం చూడలేక బయటికి నడిచాడు. ఫాతిమా మంచం మీద కూలబడి ఏడ్చేసింది. నిన్ను ఊరంతా చాటి తిట్టానే అంటూ కోడలి చేయి పట్టుకుంది. తన బుద్ధి వంకరపోయిందని తిట్టుకుంది. మెహర్ కూడా ఏడ్చింది. ఖుష్బూ భయపడుతోందని తెలిసీ ఆ ఫోను ఇవ్వనన్నందుకు ఒక్క రోజైనా సరిగ్గా నిద్రపోలేదత్తమ్మా అంది. అలాగని, మళ్లీ అడిగినా ఇవ్వలేనని కూడా చెప్పింది. ఫాతిమా కన్నీళ్లలోనే నవ్వింది.

సోమవారం పొద్దున్న మెహర్ బయలుదేరుతుంటే ఫాతిమా బురఖా వేసుకుని వెంట నడిచింది. వద్దన్నా వినలేదు. కొల్లేరు మీదుగా వెళ్లే బస్సులో ఇద్దరూ కైకలూరు చేరారు. మెహర్ తన కుర్చీలో కూర్చుంది. ఫాతిమా రైతులు కూర్చునే బల్ల మీద కూర్చుంది. బాపిరాజు వచ్చి ఇద్దర్నీ చూశాడు. గదిలోకి వెళ్లి హెడ్డాఫీసుతో చాలాసేపు మాట్లాడాడు. మెహర్ అడిగిన కాగితం మాత్రం బయటికి రాలేదు. అలాంటి మాట రాతలో పెట్టడానికి పైన కూడా ఎవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నం అబ్బాయిరాజు పాత బాకీ కట్టడానికి స్వయంగా వచ్చాడు. మేత ఎందుకు మానేశారని బాపిరాజు అడిగితే, తడిసిన బస్తాలు రెండుసార్లు పంపారు కదండీ, ఆ సంగతి మీకే చెప్పాను కదా అన్నాడు. బాపిరాజు బాకీ డబ్బులు లెక్కపెట్టి తీసుకున్నాడు. కాసేపయ్యాక కంపెనీ ఫోను తెచ్చి మెహర్ బల్ల మీద పెట్టాడు. ఆమె వెంటనే తీసుకోలేదు. ఇకమీదట ఆఫీసు పని ఆఫీసు ఫోనులోనే చేస్తాననీ, అది పనిచేయకపోతే తన పనీ ఆగిపోతుందనీ చెప్పింది. ఆయన సరేనన్నాకే అందుకుంది.

సాయంత్రం తిరుగు బస్సులో ఫాతిమా కోడలికి కిటికీ పక్కన చోటిచ్చింది. తర్వాత, రోజంతా చూశాననీ, ఊపిరి పీల్చుకోవడానికి కూడా నీకు తీరిక లేదనీ అంది.

"రేపు ఇంట్లో ఉండండత్తమ్మా. ఇక వాళ్లేమీ అనరు."

"అంటే అననీ," అంది ఫాతిమా. "ఇద్దరం ఉన్నాంగా."

మెహర్ అత్తగారి భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.